రెండు భాషలు, నాలుగున్నరేళ్ళు: సువర్ణ అల్లాడి పేపర్లు అసలు ఏం చెప్పాయి

మా ఫ్యామిలీ గ్రూపులో ఏడాదికి ఒకసారైనా ఒక మెసేజ్ తిరుగుతుంది, "రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి మతిమరుపు జబ్బు రాదు, హైదరాబాద్ డాక్టర్లు తేల్చేశారు" అని. మా పెదనాన్న ప్రతిసారీ "చూశావా, మనం నేర్చుకున్న ఉర్దూ ఎక్కడికీ పోలేదు" అంటారు. హైదరాబాద్ డాక్టర్లు స్టడీ చేసిన మాట నిజమే. రాదని తేల్చారన్న మాట మాత్రం నిజం కాదు. జబ్బు వచ్చినవాళ్ళని పక్కపక్కన పెట్టి చూస్తే రెండు భాషలవాళ్ళకి అది ఆలస్యంగా మొదలైంది అని మాత్రమే ఆ స్టడీ మీద జర్నల్లో వచ్చిన పేపర్లో ఉంది. "రాదు"కీ "ఆలస్యంగా వస్తుంది"కీ మధ్య చాలా దూరం ఉంది, ఆ దూరం గురించే పదేళ్ళకి పైగా కెనడా, అమెరికా, ఇంగ్లండ్, స్కాట్లండ్ రీసెర్చర్లు వాదించుకుంటున్నారు, ఆ వాదనలో పంజాగుట్ట నిమ్స్ నుంచి వెళ్ళిన డేటా మధ్యలో కూర్చుని ఉంది. మన ఊరి పేషెంట్ల మీద, మన భాషల మీద జరిగిన పని కాబట్టి దాన్ని మనం అయినా సరిగ్గా అర్థం చేసుకోవాలి అని నాకు గట్టిగా అనిపిస్తుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఆ స్టడీ నడిపిన డాక్టర్ సువర్ణ అల్లాడి న్యూరాలజిస్ట్. చాలా ఏళ్ళు నిమ్స్‌లో పనిచేశారు, అక్కడి మెమరీ క్లినిక్‌ని నడిపారు, తర్వాత బెంగుళూరులో మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి అయిన నిమ్హాన్స్‌కి వెళ్ళారు. మధ్యలో కేంబ్రిడ్జ్‌లో జాన్ హాడ్జెస్ గ్రూపుతో కలిసి చేసిన పని 2007లో బ్రెయిన్ అనే జర్నల్లో వచ్చింది. అల్జీమర్స్ అంటే మనకి ముందు గుర్తొచ్చేది జ్ఞాపకశక్తి పోవడం. కానీ కొంతమందికి ముందు మాట తడబడుతుంది, కొంతమందికి కళ్ళు బాగానే ఉన్నా ఎదురుగా ఉన్న వస్తువు పోల్చుకోలేరు, జ్ఞాపకం మాత్రం మొదట్లో బాగానే ఉంటుంది. అలాంటివాళ్ళలో కూడా చాలామందికి చనిపోయాక మెదడు పరీక్ష చేస్తే లోపల ఉన్నది అల్జీమర్స్ జబ్బే అని ఆ పేపర్ చూపించింది. భాషల పేపర్ల వల్ల ఇది పెద్దగా ఎవరికీ తెలీదు, కానీ డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన మెల్లగా పోయే జబ్బులన్నిటికీ కలిపి పెట్టిన పేరు, అల్జీమర్స్ అందులో ఒకటి) డాక్టర్లు బాగా వాడుకునే పేపర్. ఆ పేపర్ కో-ఆథర్లలో థామస్ బాక్ అనే ఆయన ఒకరు, ఆయన తర్వాత ఎడిన్‌బరోకి వెళ్ళారు, భాషల కథలో మళ్ళీ వస్తారు.

అసలు భాషల గొడవ హైదరాబాద్‌లో మొదలవలేదు, టొరంటోలో మొదలైంది. ఎలెన్ బియాలిస్టాక్ అనే సైకాలజిస్ట్, ఫెర్గస్ క్రెయిక్, మోరిస్ ఫ్రీడ్‌మన్ కలిసి 2007లో 184 మంది పేషెంట్ల రికార్డులు చూశారు. జీవితాంతం రెండు భాషలు వాడినవాళ్ళకి డిమెన్షియా లక్షణాలు 4.1 ఏళ్ళు లేటుగా మొదలయ్యాయి అన్నారు. ఇప్పటిదాకా కనిపెట్టిన ఏ మందూ అంత ఆలస్యం చెయ్యలేదు, కాబట్టి అందరూ ఉలిక్కిపడ్డారు. కానీ ఒక చిక్కు ఉంది. టొరంటోలో రెండు భాషలు వచ్చినవాళ్ళు ఎక్కువమంది వేరే దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఊరు వదిలి, సముద్రం దాటి వెళ్ళి బతకగలిగినవాళ్ళు మామూలుగానే గట్టివాళ్ళు అయ్యుండొచ్చు కదా, మరి ఆ నాలుగేళ్ళు భాష ఇచ్చినవా, వలస వెళ్ళే మనుషుల్లో ముందే ఉన్న గట్టిదనం ఇచ్చినవా? 2010లో మాంట్రియల్లో ఇంకో టీమ్ చూస్తే మొత్తం మీద రెండు భాషల లాభం కనపడలేదు, వలస వచ్చినవాళ్ళ గ్రూపులో మాత్రం కనపడింది. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

ఈ ముడి విప్పాలంటే ఒక ఊరు కావాలి. ఆ ఊళ్ళో రెండు భాషలవాళ్ళు, ఒక్క భాషవాళ్ళు ఇద్దరూ అక్కడే పుట్టి పెరిగినవాళ్ళై ఉండాలి, రెండో భాష బళ్ళో చదువుకున్నవాళ్ళకే కాకుండా చదువురానివాళ్ళకి కూడా వచ్చి ఉండాలి. ఇంకెక్కడ ఉంటుంది ఆ ఊరు!

మా నాయనమ్మ బడి మొహం చూడలేదు. సికింద్రాబాద్‌లో ఇంటి ముందుకి కూరగాయల బండి వస్తే "భిండీ కైసే దియా" అని అడిగేది, అతను రేటు చెప్పగానే ఇటు తిరిగి నాతో "బెండకాయలు ముదిరిపోయినయి రా, వద్దులే" అనేది, మళ్ళీ అటు తిరిగి "నరమ్ నై హై" అనేది. ఆవిడ ఇది ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఎప్పుడు ఏది మాట్లాడాలో ఆలోచించినట్టు కూడా కనపడేది కాదు. కానీ లోపల జరిగే పని చిన్నది కాదు. బెండకాయని చూసినప్పుడు తలలో "బెండకాయ", "భిండీ" రెండూ ఒకేసారి లేస్తాయని, ఎదుటి మనిషిని బట్టి ఒకదాన్ని నోటిదాకా రానిచ్చి రెండోదాన్ని అణిచిపెట్టాలని ఈ ఫీల్డ్‌లో వాళ్ళు చెప్తారు. ఆ ఎంచుకోవడం, ఆపడం, మారడం అనే పనిని రోజుకి వందల సార్లు, అరవై డెబ్భై ఏళ్ళ పాటు చేస్తే మెదడులో ఆ పని చూసే భాగాలకి రోజూ కసరత్తే కదా అన్నది వాళ్ళ ఊహ.

నిమ్స్ టీమ్‌లో సువర్ణ గారితో పాటు సుభాష్ కౌల్, భాషాశాస్త్రం నుంచి వసంత దుగ్గిరాల, కాగ్నిటివ్ సైన్స్ నుంచి బాపిరాజు సూరంపూడి, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్ ఉన్నారు. 2006 నుంచి 2012 మధ్య మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్లని తీసుకున్నారు. వాళ్ళలో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. ఇక్కడ "వచ్చు" అంటే పరీక్ష పాసవడం అని కాదు, రోజువారీ బతుకులో ఎదుటివాళ్ళతో పని జరిపించుకోగలగడం. ఈ నిర్వచనం అజిత్ మొహంతి అనే ఒడియా సైకాలజిస్ట్‌ది, ఆయన కుయి, ఒడియా రెండూ మాట్లాడే కొంధు గిరిజనుల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. కుయి మన తెలుగుకి దగ్గర చుట్టమే. మనలాంటి చోట సరిపోయే నిర్వచనం మనలాంటి చోటి నుంచే వచ్చింది, ఈ విషయం నాకు భలే నచ్చింది.

2013లో న్యూరాలజీ జర్నల్లో వచ్చిన లెక్క ఇది. ఒక్క భాషవాళ్ళకి జబ్బు సగటున 61.1 ఏళ్ళకి మొదలైంది, రెండు భాషలవాళ్ళకి 65.6కి. అంటే నాలుగున్నరేళ్ళ తేడా. అల్జీమర్స్‌లో తేడా 3.2 ఏళ్ళు, రక్తనాళాల వల్ల వచ్చే డిమెన్షియాలో 3.7, మెదడు ముందు భాగాన్ని పట్టే ఫ్రంటోటెంపొరల్ రకంలో 6. చదువు, ఆడా మగా, ఉద్యోగం, పల్లెటూరా పట్నమా అన్నవన్నీ లెక్కలో సర్దినా తేడా నిలబడింది. మూడు, నాలుగు భాషలు వచ్చినవాళ్ళకి రెండు వచ్చినవాళ్ళ కంటే అదనంగా ఏమీ కలిసిరాలేదు.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైంది చదువురానివాళ్ళ లెక్క. అసలు చదువే ఈ జబ్బుని వెనక్కి నెడుతుంది అని అంతకుముందే చాలా స్టడీలు ఉన్నాయి, కాబట్టి రెండో భాష వచ్చినవాళ్ళు ఎక్కువ చదువుకున్నవాళ్ళే కదా, లాభం చదువుదే, భాషది కాదు అని ఎవరైనా అనొచ్చు. అక్షరం ముక్క రానివాళ్ళని మాత్రమే విడదీసి చూస్తే తేడా తగ్గలేదు సరికదా పెరిగింది, ఒక్క భాషవాళ్ళకి 59, రెండు భాషలవాళ్ళకి 65, అంటే ఆరేళ్ళు. టొరంటోలో ఈ లెక్క తియ్యడం కుదరదు, అక్కడ చదువురాని, పైగా రెండు భాషలు వచ్చిన ముసలివాళ్ళు లెక్కకి సరిపడా ఎక్కడ దొరుకుతారు. మా నాయనమ్మ లాంటివాళ్ళు ఒక సైన్స్ ప్రశ్నకి జవాబు చెప్పగలిగారు, ఇంకెవరూ చెప్పలేని జవాబు.

ఇక్కడ ఒకటి బాగా అర్థం చేసుకోవాలి. రెండో భాష మెదడులో జబ్బుని ఆపుతుంది అని ఎవరూ అనట్లేదు. యాకోవ్ స్టెర్న్ లాంటి వాళ్ళు చెప్పే కాగ్నిటివ్ రిజర్వ్ అనే ఆలోచన ఇలా ఉంటుంది: ఊళ్ళోకి వెళ్ళే రోడ్డు వరదకి తెగిపోయింది అనుకోండి, రోడ్డు ఒక్కటే తెలిసినవాడు అక్కడే ఆగిపోతాడు, పొలం గట్ల మీద దారి తెలిసినవాడు కాస్త ఆలస్యమైనా ఇంటికి చేరతాడు. రోడ్డు ఇద్దరికీ తెగింది. కాబట్టి ఇద్దరు పేషెంట్లు బయటికి ఒకే స్థాయిలో కనిపిస్తుంటే, దారులు ఎక్కువ తెలిసినవాడి మెదడు లోపల నిజానికి ఎక్కువ పాడై ఉండాలి. స్కాన్లు తీస్తే అలాగే కనపడింది కూడా. 2012లో టొరంటో వాళ్ళు సీటీ స్కాన్లలో, 2017లో డానియెలా పెరానీ టీమ్ ఇటలీ ఉత్తరాన జర్మన్, ఇటాలియన్ రెండూ మాట్లాడే పేషెంట్ల పెట్ స్కాన్లలో చూపించారు, రెండు భాషలవాళ్ళ మెదడులో దెబ్బ ఎక్కువ, బయటికి కనిపించే ఇబ్బంది మాత్రం అంత లేదు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, లక్షణాలు బయటపడే సరికి అలాంటివాళ్ళకి జబ్బు లోపల బాగా ముదిరి ఉంటుంది.

2013 పేపర్ తర్వాత అదే టీమ్ చేసిన రెండు పనులు వార్తాపత్రికల్లో, టీవీల్లో అంతగా రాలేదు గానీ నన్నడిగితే వాదనకి బలం ఇచ్చింది అవే. మొదటిది స్ట్రోక్ మీద. నిమ్స్ స్ట్రోక్ రిజిస్ట్రీలో 608 మందిని తీసుకుని, పక్షవాతం వచ్చాక ఆలోచన, జ్ఞాపకం, ధ్యాస ఎవరికి ఎలా మిగిలాయో చూశారు. రెండు భాషలవాళ్ళలో 40.5 శాతం మందికి అన్నీ మామూలుగానే ఉన్నాయి, ఒక్క భాషవాళ్ళలో 19.6 శాతానికే. అంటే రెట్టింపు. కానీ మాట పడిపోవడం, డాక్టర్లు అఫేసియా అంటారు, అది రెండు గ్రూపుల్లోనూ దాదాపు సమానంగానే ఉంది, నూటికి పది పన్నెండు మందిలో. రెండోది 2017లో, ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా ఉన్న 193 మంది మీద. ఈ జబ్బులో ఒక రకం మనిషి ప్రవర్తనని మార్చేస్తుంది, ఇంకొన్ని రకాలు భాషని తినేస్తాయి. ప్రవర్తన రకంలో రెండు భాషలవాళ్ళకి దాదాపు ఆరేళ్ళు ఆలస్యం, భాషని తినే రకాల్లో ఏ తేడా లేదు.

ఒక్క నిమిషం ఆగి ఈ రెండిటినీ కలిపి చూడండి. రెండు భాషలవాళ్ళు కాస్త ఉన్న కుటుంబాలవాళ్ళు, మంచి తిండి, మంచి వైద్యం అందినవాళ్ళు, అందుకే వాళ్ళకి లాభం అనుకుందాం. అలాగైతే ఆ లాభం అన్నిట్లోనూ కనపడాలి, మాట పడిపోవడంలో కూడా. కనపడలేదు. ధ్యాస, ఆపుకోవడం, ఒకదాన్నించి ఇంకోదానికి మారడం, ఈ పనులు చూసే చోట కనపడింది, భాషని నేరుగా చూసే చోట కనపడలేదు. భాషల కసరత్తు భాషని కాపాడకుండా నిగ్రహాన్ని కాపాడటం మొదట వింతగా అనిపిస్తుంది, కానీ "భిండీ"ని ఆపి "బెండకాయ"ని రానివ్వడంలో కష్టపడేది ఆ ఆపే భాగమే కదా. డబ్బు, తిండి ఇలా ఒకచోట పనిచేసి ఇంకోచోట పనిచెయ్యకుండా ఉండవు. ఇది రుజువు అని నేను అనను, కానీ మామూలు అనుమానాలన్నిటికీ ఇది ఇచ్చినంత మంచి జవాబు ఈ సబ్జెక్టులో నేను ఇంకోటి చూడలేదు.

మరి ఎదుటివాళ్ళు ఏమంటున్నారు? వాళ్ళ మాట కూడా చిన్నది కాదు, దాన్ని సరిగ్గా వినాలి. మొదటి అభ్యంతరం, ఇదంతా క్లినిక్‌కి వచ్చినవాళ్ళ లెక్క. రానివాళ్ళు ఎంతమంది, వాళ్ళెవరు అన్నది ఆ లెక్కలో లేదు. ఉదాహరణకి ఒక ప్రాంతంలో జనం తొందరగా చనిపోతారు అనుకోండి, ఎనభైలో డిమెన్షియా రావాల్సినవాళ్ళు ఆ వయసుకి చేరకుండానే గుండె జబ్బుతోనో ఇంకోదానితోనో పోతారు, అప్పుడు అక్కణ్ణించి క్లినిక్‌కి వచ్చే డిమెన్షియా పేషెంట్లందరూ చిన్న వయసువాళ్ళే ఉంటారు, సగటు తీస్తే అక్కడ జబ్బు తొందరగా వస్తున్నట్టు కనిపిస్తుంది. ఒక్క భాషవాళ్ళలో అలాంటి ప్రాంతాలవాళ్ళు ఎక్కువగా ఉంటే? పల్లె, పట్నం అని సర్దినా అన్నీ సర్దుకోవు. పైగా జబ్బు ఎప్పుడు మొదలైంది అన్నది ఇంట్లోవాళ్ళు గుర్తు చేసుకుని చెప్పేది, "పోయిన దసరాకి బానే ఉంది, సంక్రాంతికి మారింది" అన్నట్టు.

అందుకని కొందరు వెనక్కి చూడకుండా ముందుకి చూశారు, అంటే ఇప్పుడు బాగున్నవాళ్ళని తీసుకుని ఏళ్ళ తరబడి వెంబడించి ఎవరికి వస్తుందో లెక్కపెట్టారు. న్యూయార్క్ మాన్‌హాటన్ ఉత్తరాన స్పానిష్ మాట్లాడే పెద్దవాళ్ళ మీద లారా జహోడ్నీ టీమ్ 2014లో వేసిన పేపర్లో, ఇంగ్లీషు కూడా వచ్చినవాళ్ళు మొదటి పరీక్షల్లో మెరుగ్గా చేశారు గానీ డిమెన్షియా వచ్చే రేటులో తేడా లేదు. 2017లో నహీద్ ముకాదమ్ వాళ్ళు ఇలా ముందుకి చూసిన స్టడీలన్నీ కలిపి చూసి, రెండో భాష జబ్బు రాకుండా కాపాడుతుందని చెప్పలేం అన్నారు. క్లినిక్ స్టడీలు ఆలస్యం ఉందంటాయి, ముందుకి చూసే స్టడీలు రక్షణ లేదంటాయి. పైకి కొట్టుకున్నట్టు కనిపిస్తాయి గానీ రెండూ అడుగుతున్న ప్రశ్నలు వేరు. లక్షణం ఏ వయసులో బయటపడింది అన్నది ఒకటి, జీవితంలో ఎంతమందికి వచ్చింది అన్నది ఒకటి. వాట్సాప్ మెసేజ్ ఈ రెండిటినీ కలిపేసి మొదటిదాని జవాబు రెండోదానికి పెట్టేసింది.

పిల్లల్లో, కుర్రవాళ్ళలో రెండు భాషలవాళ్ళకి ధ్యాస ఎక్కువ ఉంటుందా అనే ఇంకో పెద్ద గొడవ ఉంది, దాన్ని ఇక్కడ ఎక్కువ లాగను. 2015లో ఆంజెలా డి బ్రూయిన్ వాళ్ళు చూపించింది ఏంటంటే, లాభం కనపడిన స్టడీలు జర్నల్స్‌లో అచ్చయ్యాయి, కనపడనివి ఎక్కువ భాగం కాన్ఫరెన్స్ దగ్గరే ఆగిపోయాయి. 2018లో మిన్నా లెహ్తోనెన్ టీమ్ 152 స్టడీలు కలిపి, ఆ పక్షపాతాన్ని సర్దాక పెద్దవాళ్ళలో (ముసలివాళ్ళని కాదు, పిల్లలు కానివాళ్ళందరూ) చెప్పుకోదగ్గ లాభం లేదంది. అది చూసి డిమెన్షియా సంగతి కూడా తేలిపోయింది అనేవాళ్ళు ఉన్నారు, అలా తేలదు. ఇరవై ఏళ్ళ కుర్రాడు కంప్యూటర్ ముందు బటన్ నొక్కే వేగానికీ డెబ్భై ఏళ్ళ మనిషి జబ్బుని తట్టుకోవడానికీ మధ్య చాలా జీవితం ఉంది.

ఇంతమంది ఒప్పుకుంటూ, కాదంటూ రాస్తున్నారంటే ఆ ప్రతి పేపర్లోనూ హైదరాబాద్ స్టడీ పేరు ఉంటుంది, అదే సైటేషన్. హెచ్-ఇండెక్స్ అని ఒక కొలత ఉంది, హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన 2005లో పెట్టింది, కనీసం 20 సార్లు చొప్పున సైట్ అయిన పేపర్లు మీకు 20 ఉంటే మీ నంబర్ 20. యూనివర్సిటీల్లో ఉద్యోగాలకి, ప్రమోషన్లకి దీన్ని తెగ చూస్తారు. కానీ ఒప్పుకుని సైట్ చేసినా తప్పు అని సైట్ చేసినా లెక్కలో ఒకటే, కాబట్టి ఆ నంబర్ చూసి ఒక పని నిలబడిందా లేదా అని చెప్పలేం. ఇంకా పెద్ద లోపం, కొన్ని పనులు ఆ లెక్కలోకి సరిగ్గా రానే రావు.

తెలుగులో పరీక్ష తయారు చెయ్యడం అలాంటి పని. డిమెన్షియా ఉందో లేదో చూడటానికి కేంబ్రిడ్జ్‌లో తయారైన ఆడెన్‌బ్రూక్స్ అనే పరీక్ష ఉంది. దాని పాత వెర్షన్‌లో బొమ్మలు చూపించి పేరు చెప్పమంటారు, కంగారూ, పెంగ్విన్, లంగరు, హార్ప్ వాయిద్యం. నల్గొండ పల్లెనుంచి వచ్చిన పెద్దాయన పెంగ్విన్‌ని చూసి మౌనంగా ఉంటే అది జబ్బా, ఎప్పుడూ చూడకపోవడమా? ఇంకోచోట "పైంట్" (pint), "డో" (dough), "హైట్" (height) లాంటి ఇంగ్లీషు మాటలు చదివిస్తారు, వాటి స్పెల్లింగ్ ఒకటి పలకడం ఒకటి కాబట్టి, అర్థం జ్ఞాపకంలో చెరిగిపోతున్నవాళ్ళు స్పెల్లింగ్ ప్రకారం పలికేస్తారు, దాంతో జబ్బు దొరికిపోతుంది. తెలుగులో ఇది ఎలా చేస్తారు? మనం రాసింది రాసినట్టే చదువుతాం, ఆ తప్పు చెయ్యడానికి మన లిపిలో సందే లేదు. "ప" అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరు అంటే పాము, పిల్లి, పులి లెక్కలోకి వస్తాయా రావా? చదువురానివాళ్ళకైతే అక్షరం అంటేనే తెలీదు. ఇవన్నీ ఒక్కొక్కటీ మార్చుకుంటూ, మామూలు ఆరోగ్యవంతుల మీద పెట్టి చూసుకుంటూ, ఏ మార్కు దగ్గర గీత గియ్యాలో తేల్చుకుంటూ పోవాలి. నిమ్స్ టీమ్ ఈ పని చేసింది కాబట్టే ఆ 648 మందికి జబ్బు నిర్ధారణ చెయ్యగలిగారు. తర్వాత ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఆధ్వర్యంలో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం ఐదు భాషల్లో ఒకేలా కొలిచే టూల్ బాక్స్, అంటే పరీక్షల సెట్టు, తయారైంది, అందులోనూ సువర్ణ గారి పాత్ర ఉంది. జర్నల్స్ ప్రపంచంలో దానికి భాషల పేపర్ అంత పేరు రాదు. తెలుగు తప్ప ఇంకోటి రాని ముసలావిడని కూతురు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆ ముసలావిడకి పనికొచ్చేది మాత్రం ఇదే.

క్లినిక్ లెక్క మీద ఉన్న అభ్యంతరానికి జవాబు క్లినిక్‌లో దొరకదు, ఊళ్ళల్లో దొరకాలి, బాగున్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టి. బెంగుళూరు ఐఐఎస్సీలో ఉన్న సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్ళు కోలార్ జిల్లా శ్రీనివాసపుర చుట్టుపక్కల పల్లెల్లో 45 ఏళ్ళు దాటినవాళ్ళని తీసుకుని, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేస్తూ చూసే పని ఒకటి నడుపుతున్నారు. అది భాషల కోసం పెట్టిన స్టడీ కాదు, వయసు పైబడేకొద్దీ మెదడు ఏమవుతుందో చూడటానికి పెట్టింది. కానీ ఆ వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు, అక్కడ ఎన్నో ఇళ్ళల్లో తెలుగు, బడిలో ఆఫీసులో కన్నడ.